నీళ్ల కింద రెండు మెట్లు

సారవ్వ అక్షరాలు నేర్చుకున్నది ముప్పై అయిదో ఏట, గోదావరిఖనిలో బొగ్గు కంపెనీ వర్క్‌షాపులో, రేకు అచ్చుల మీద.

ఆమె భర్త ఎల్లన్న గనిలో బొగ్గు నింపే కార్మికుడు. 2001లో పచ్చకామెర్లు ముదిరి దవాఖానలోనే పోయాడు. అప్పటికి కూతురు దీపకు ఎనిమిదేళ్లు. ఏడాది తిరిగాక అతని బదులు సారవ్వకు ఉద్యోగం వచ్చింది. మొదటి వారం వర్క్‌షాపు ఊడ్చింది. రెండో వారం పెయింటు సెక్షన్లో మనిషి కావాలంటే అక్కడికి పంపారు. అక్కడ ఉన్నది లింగమూర్తి ఒక్కడే. కళ్లకు శుక్లాలు దిగుతున్న మనిషి, గీత మాత్రం ఇంకా వంకర పోనివాడు.

పని ఇదీ: మరమ్మతుకు వచ్చిన డంపర్లకు, బొగ్గు తవ్వి ఎత్తే షావెళ్లకు తుప్పు గీకాలి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక పసుపు ఎనామెల్ వెయ్యాలి. ఆఖరున రేకు అచ్చు పెట్టి నంబరు దిద్దాలి. సారవ్వ గీకడం, తుడవడం మొదటి రోజే పట్టేసింది. అచ్చుల దగ్గర మాత్రం ఆగిపోయింది. ఏది ఏ అంకెనో తెలియదు.

"ఇగో, ఇది ఏడు. కొడవలి లెక్క ఉన్నదా?" అన్నాడు లింగమూర్తి. "ఇది ఎనిమిది. రెండు ఉల్లిగడ్డలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు. అంకెలైతే ఇయ్యాలనే వస్తయ్. అక్షరాలకు ఆర్నెల్లు పడ్తది."

ఆరు నెలలు కాదు, నాలుగు నెలలు పట్టింది. ఆమె మొదట చదివిన మాట 'జాగ్రత్త'. అప్పటికే ఆ మాటను యాభై బోర్డుల మీద రాసి ఉంటుంది. ఒకరోజు మంచిర్యాల పోయే బస్సులో కూర్చుని, దారిలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద ఆ మాట కనిపిస్తే పైకి చదివింది. పక్కనున్న ఆమె ఏమైందోనని ఉలిక్కిపడి చూసింది.

"అచ్చు పెట్టి రాసుడు ఎవలైనా రాస్తరు. అచ్చు లేకుంట రాయి," అనేవాడు లింగమూర్తి. అతను 2005లో రిటైరైనప్పుడు కుంచెలన్నీ ఒక పాత టిన్నులో పెట్టి ఆమెకు ఇచ్చి పోయాడు. అప్పటినుంచి పెయింటు సెక్షన్ అంటే సారవ్వే.

ఆమె బొమ్మ వేసిన మొదటి గోడ వర్క్‌షాపు గేటు లోపల, ఎడమ చేతి వైపు ఉండేది. 2007 డిసెంబరు. రక్షణ పక్షోత్సవాలకు పై ఆఫీసర్లు చూడడానికి వస్తున్నారు. ఇంజినీరు నరసింహమూర్తి, తూర్పుగోదావరి వైపు మనిషి, నెమ్మదస్తుడు, ఆమెను పిలిచి ఆ గోడ మీద ఒక డంపర్ బొమ్మ వేసి కింద 'బ్రేకు చూసుకో, ఇల్లు చేరుకో' అని రాయమన్నాడు.

డంపర్ వెయ్యడానికి నమూనా కోసం సారవ్వ యార్డులోకి పోయింది. ఎదురుగా ఇరవై ఏడో నంబరు డంపర్ ఉంది. ఇంజను సామాను రాక రెండు వానకాలాలుగా అక్కడే నిలబడిపోయింది. దాని చక్రం మనిషి కన్నా ఎత్తు. ఆ చక్రానికి అడవి కాకర తీగ అల్లుకుంది. వెనక తొట్టిలో మిగిలిన మట్టిలో చింత మొక్క మొలిచింది. పొగగొట్టంలో గోరింకలు గూడు పెట్టుకున్నాయి. సారవ్వ ఆ రోజు మధ్యాహ్నం అన్నం గిన్నె అక్కడే విప్పుకుని, తింటూ చాలాసేపు చూసింది.

మూడు రోజుల్లో గోడ మీద బొమ్మ పూర్తయింది. పసుపు డంపర్. టైర్ల కిందినుంచి లావుపాటి వేర్లు నేలలోకి దిగాయి. తొట్టిలో బొగ్గుకు బదులు నిండుగా కాసిన చింతచెట్టు. పొగగొట్టంలోంచి పొగలా మెలికలు తిరుగుతూ గోరింకలు లేస్తున్నాయి. డ్రైవర్ కూర్చునే చోట కిటికీకి కాకర పూలు. కింద నీతి వాక్యం, ఒక్క తప్పు లేకుండా.

షిఫ్టు మారే వేళ మనుషులు గోడ ముందు గుమిగూడారు. నరసింహమూర్తి కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? డంపర్‌కి వేర్లేంటి? వేర్లుంటే ఎలా నడుస్తుంది?"

"నడుస్తలేదు కద సార్. రెండు వానకాలాలాయె," అంది సారవ్వ.

వెనక ఎవరో పకపకా నవ్వారు. నరసింహమూర్తికీ నవ్వు వచ్చింది కానీ ఆపుకున్నాడు. "బాగా వేశావమ్మా, కాదనను. కానీ వచ్చేవాళ్లు నన్ను అడుగుతారు. నేనేం చెప్పాలి? సున్నం వేసెయ్యి. మామూలు డంపర్ వెయ్యి."

సారవ్వ వాదించలేదు. మరునాడు తానే రెండు పూతల సున్నం వేసింది. పైన మామూలు డంపర్ గీసింది. బాధపడ్డావా అని దీప అడిగితే, "గోడ కంపెనీది బిడ్డా" అంది. కానీ ఆ రాత్రి చెయ్యి ఊరికే ఉండలేదు. దీప నోటుపుస్తకం వెనక పేజీలన్నీ చక్రాలు, ఆకులతో నిండిపోయాయి.

ఇరవై ఏడో నంబరు మీద పదకొండేళ్లు డ్యూటీ చేసిన ఆపరేటర్ పేరు కొమురెల్లి. సున్నం పడకముందే అతను ఆ గోడను ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. సంక్రాంతి దాటాక ఇంటికి వచ్చి ఆ ఫొటో చూపించాడు.

"అక్కా, గిది మా ఇంటి గోడ మీద వేస్తవా? రేపు ఆ బండిని తుక్కు కింద తీసేస్తరట. పదకొండేండ్లు దాని మీదనే కూసున్న. నా పెండ్లాం కన్న దానితోనే ఎక్కువున్న."

సారవ్వ అతని ఇంట్లో ముందు గది గోడ మీద వేసింది. ఆ బొమ్మ చూడడానికి కాలనీవాళ్లు వచ్చారు. చూసినవాళ్లు తమ మిషన్ గురించి చెప్పడం మొదలుపెట్టారు. అలా అది ఆనవాయితీ అయింది. గనిలో ఎవరైనా రిటైరైతే పూలదండ, శాలువా, గోడ గడియారం ఇచ్చేవారు. గడియారం బదులు సారవ్వ బొమ్మ ఇద్దామని స్నేహితులు అనుకోసాగారు. లక్ష్మీనగర్ బజారులో ప్లైవుడ్ పలక కోయించి, రంగు డబ్బాలతో సహా తెచ్చి ఆమె గడపలో పెట్టేవారు. ఆదివారాలు ఆమెకు అదే పని.

ఎవరొచ్చినా ముందు కూర్చోబెట్టి ఛాయ పోసేది. రెండే ప్రశ్నలు అడిగేది. ఏ మిషన్ మీద చేసినవ్? చిన్నగున్నప్పుడు ఏం సూసుకుంట పొద్దు పుచ్చెటోనివి? మొదటిదానికి జవాబు టక్కున వచ్చేది. రెండోదానికి చాలామంది గోడవైపు చూసేవారు, తలగోక్కునేవారు, ఛాయ చల్లారిపోయేది. ఆ తర్వాత మాటలు దొర్లేవి. కన్వేయరు బెల్టు దగ్గర పనిచేసిన ఒకతను, గోదావరి ఒడ్డున పరక చేపలు పట్టేవాళ్లమని చెప్పాడు. ఆమె బెల్టును ఏరులా వేసింది. రోలర్ల మీద నీళ్లు ఎక్కి పోతుంటే, బొగ్గు పెళ్లల మధ్య ఎదురీదుతున్న చేపలు. గనిలోకి గాలి తోలే పెద్ద ఫ్యాను నడిపినాయనకు ఆ ఫ్యాను రెక్కలన్నీ తాటి మట్టలయ్యాయి, ఒక మట్టకు కల్లు లొట్టి కూడా వేలాడింది. ఆ లొట్టి చూసి ఆయన భార్య, "దీన్ని మాత్రం బాగ యాది పెట్టుకున్నడు" అని విసుక్కుంది.

సదయ్య ఆమె దగ్గరికి వచ్చింది 2011 జనవరిలో. ఇంక్లైన్ గనిలో హాలేజీ ఆపరేటర్. వాలుగా గనిలోకి దిగే దారిలో బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో పైకి లాగే ఇంజను అతనిది. అరవై ఏళ్ల మనిషి, పొడుగ్గా, ఎముకలు తేలి ఉంటాడు. మాట అడిగితే గాని పలకడు. ఫిబ్రవరిలో రిటైర్మెంటు.

"సదయ్య కాకా, చిన్నగున్నప్పుడు ఏం సూసెటోనివి?" అని అడిగింది సారవ్వ.

"మా బాయి," అన్నాడు. "పొలం కాడ మెట్లబాయి. రాళ్ల సందుల్ల పావురాలుండేటియి. పందొమ్మిది మెట్లు. మోట కొట్టంగ తాడు పైకొస్తుంటే నీళ్లు దబదబ పడేటియి. గంతే."

ఆ పొలం, ఆ ఊరు ఇప్పుడు లేవు. ఓపెన్‌కాస్ట్ తవ్వకంలోకి పోయాయి.

సారవ్వకు ఆ బొమ్మ తొందరగా వచ్చింది. పైన హాలేజీ డ్రమ్ము, దాని పక్కన లీవరు. డ్రమ్ముకు చుట్టుకున్న ఇనుప తాడు కిందికి, నాచు పట్టిన రాతి బావిలోకి దిగింది. టబ్బులు వరసగా మెట్లెక్కి వస్తున్నాయి. వాటినిండా బొగ్గు కాదు, అంచు దాకా నీళ్లు. తాడు పొడవునా పావురాలు వాలి ఉన్నాయి. రిటైర్మెంటు రోజు దాన్ని మేజా బల్ల మీద నిలబెడితే, దండలు వేయడానికి వచ్చినవాళ్లు దండలు చేతిలోనే పట్టుకుని నిలబడ్డారు. సదయ్య పలక అంచును బొటనవేలితో రెండుసార్లు తుడిచాడు.

నాలుగో రోజు, ఆదివారం, ఎండ ఎక్కిన వేళ సారవ్వ ఇంటి ముందు ఆటో ఆగింది. సదయ్య భార్య సమ్మవ్వ దిగింది. ఆటో అతను పాత చీరలో చుట్టిన పలక తెచ్చి లోపల పెట్టి పోయాడు. సమ్మవ్వ కూర్చోలేదు.

"ఇది నువ్వే వేసినవా బిడ్డా?"

"నేనే చిన్నమ్మా. మంచిగ లేదా?"

"మంచిగున్నది. గందుకే ఇంట్ల పెట్టుకోలేను."

సారవ్వకు అర్థం కాలేదు. సమ్మవ్వ గోడకు వీపు ఆనించి, మెల్లగా నేల మీదికి జారి కూర్చుంది.

"నా పెద్దకొడుకు గా బాయిలనే పడ్డడు. వీరేందర్. ఏడేండ్లు. ఈయన గప్పుడే కొత్తగ నౌకరిల చేరిండు, ఖనిల రూముల ఉంటుండె. కబురు పంపితే షిఫ్టు అయినంక వచ్చిండు. గప్పటికే అంత అయిపోయింది. నెల తిరగక ముందే ఊరిడిసి ఇటొచ్చినం. ఊరు ఓపెన్‌కాస్ట్‌ల పోయిందని అందరు ఏడ్చిన్రు. నేను లోపట సంబురపడ్డ, ఆ బాయి పూడిపోయిందని. ఇగ నువ్వు దాన్ని తోడి నా ఇంట్ల పెట్టినవ్."

"నాకు తెల్వదు చిన్నమ్మా. తెలిస్తే వేస్తునా?"

"నీ తప్పేం లేదు." సమ్మవ్వ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడవడం లేదు, చెమట. "ముప్పై ఏండ్లల్ల నాతోని ఒక్కపారి గా బాయి ముచ్చట తియ్యలె. పిలగాని పేరు తియ్యలె. నీకు చెప్పిండు. ఏం చెప్పిండు?"

"పావురాల ముచ్చట చెప్పిండు. పందొమ్మిది మెట్లని చెప్పిండు."

"పందొమ్మిదా?" సమ్మవ్వ తలెత్తింది. "ఇరవై ఒకటి. అడుగు రెండు మెట్లు నీళ్లల్ల ఉంటయ్. పైకి కనవడయ్. నేను కడవ ముంచెటప్పుడు కాలికి తాకేటియి. ఆయన ఎన్నడన్న నీళ్లకు దిగితే కద తెల్సేది. పిలగాడు గా మెట్ల మీదనే జారిండు."

ఆమె లేచి వెళ్లిపోయింది. ఛాయ తాగమన్నా ఆగలేదు. సారవ్వ పలకను విప్పలేదు. చీరతో సహా మంచం వెనక పెట్టింది.

ఆ రోజు పొద్దుగూకే వేళకే సదయ్య వచ్చాడు. ఇంట్లో బొమ్మ లేకపోవడం చూసి వచ్చానన్నాడు. ముక్కాలి పీట మీద కూర్చుని చేతులు మోకాళ్ల సందున పెట్టుకున్నాడు. సారవ్వ జరిగింది చెప్పింది. అతను తలవంచుకుని విన్నాడు.

"నాకు చెప్పకపోతివి కాకా," అంది ఆమె. కోపం లేకపోలేదు.

"ఏమని చెప్పాలె బిడ్డా." చేతులు బయటికి తీశాడు. "హాలేజీ మీద కూసుంటే ముంగట గుహ లెక్క ఉంటది. చీకటి. తాడు వస్తనే ఉంటది, టబ్బు కనవడది. గప్పుడు మొదటి టబ్బు ముక్కు చీకట్లకెల్లి బయిటికొస్తది. ముప్పై ఏండ్లు, వచ్చిన ప్రతి టబ్బులకు తొంగి సూసిన. ఏముంటది, బొగ్గే. అయినా సూసిన."

వంటింట్లో పప్పు పొంగి పొయ్యి మీద పడిన వాసన వచ్చింది. సారవ్వ లేవలేదు. దీపే పోయి దించింది.

"గిది చిన్నమ్మకు చెప్పినవా?"

"ఆమెకు ఎట్ల చెప్పాలె? నేను ఆళ్ల దగ్గర లేనోన్ని. దేనికని నోరు తెరుస్త?"

"నాకు చెప్పినవ్ కద. గట్లనే చెప్పు. టబ్బుల ముచ్చటనే చెప్పు, ఇంకేం చెప్పకు."

అతను లేచి పోయాడు. బొమ్మ అడగలేదు.

తర్వాత అయిదు వారాలు ఆ ఇద్దరి జాడ లేదు. సారవ్వ ఆ మధ్య వచ్చిన పలకలన్నీ వెనక్కి పంపింది. కుంచె పట్టుకుంటే, ఎదుటి మనిషి చెప్పనిది ఏదో తన చేతినుంచి పలక మీదికి వచ్చి పడుతుందేమోనని భయం వేసేది. లింగమూర్తి ఉంటే అడిగేది, కానీ అతను ఆ ముందు ఏడే పోయాడు. వర్క్‌షాపులో మాత్రం నంబర్లు దిద్దుతూనే ఉంది. నంబర్లతో భయం లేదు.

మార్చి నెలాఖరున సమ్మవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి సదయ్య వెంట ఉన్నాడు. కాని లోపలికి రాకుండా గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడ్డాడు.

"అది ఉన్నదా, ఇంకెవలకన్న ఇచ్చినవా?" అని అడిగింది సమ్మవ్వ.

"ఉన్నది చిన్నమ్మా."

"తియ్యి."

సారవ్వ చీర విప్పి పలకను వెలుతురు ఉన్నచోట నిలబెట్టింది. సమ్మవ్వ దగ్గరికి జరిగి, పై మెట్టునుంచి వేలు పెట్టి లెక్కపెట్టింది. పందొమ్మిది దగ్గర వేలు నీళ్లను తాకింది. అక్కడే ఆగింది.

"తక్కువున్నయ్," అంది. "కడమ రెండు వెయ్యి. నీళ్ల కింద ఉండాలె, కనవడీ కనవడనట్టు."

"పిలగాన్ని..." సారవ్వ సగంలో ఆగింది.

"వద్దు. మెట్లు చాలు." ఆమె గేటు వైపు చూసింది. "టబ్బుల ముచ్చట చెప్పిండు. మూడు దినాలాయె చెప్పి. కూడు సయిస్తలేదు నాకు. ఇన్నేండ్లు నేనొక్కదాన్నే బాయిల సూస్తున్న అనుకున్న."

ఆ రెండు మెట్లు వెయ్యడానికి సారవ్వకు పదిహేను రోజులు పట్టింది. ఎనామెల్ చిక్కటి రంగు, పూస్తే కిందిది కప్పేస్తుంది. నీళ్ల కింద రాయి కనపడేలా వెయ్యడం ఆమెకు రాదు. టర్పెంటైన్ కలిపి పలచగా, ఒక పూత ఆరాక ఇంకో పూత వేసింది. ఆకుపచ్చ ముదిరిపోతే గుడ్డతో తుడిచేసి మళ్లీ మొదలుపెట్టింది. తొట్టిలో నీళ్లు పోసి అడుగున ఇటుక పెట్టి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూసింది. చివరికి మెట్లు వచ్చాయి. దూరంనుంచి చూస్తే నీళ్లే. దగ్గరికి పోతే, అడుగున రెండు రాళ్లు, అంచులు అరిగి, కొంచెం వంగి ఉంటాయి.

బొమ్మను ముందు గదిలో పెట్టుకోలేదు సమ్మవ్వ. వంటింట్లో, బియ్యం డబ్బా మీద గోడకు కొట్టించుకుంది. ఒకసారి సారవ్వ వెళ్లినప్పుడు సదయ్య అక్కడే పీట వేసుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు. పెద్దకొడుకు చిన్నప్పుడు చిక్కుడు గింజలు ముక్కులో పెట్టుకున్న సంగతి చెబుతున్నాడు. సమ్మవ్వ మధ్యలో అడ్డుపడి, "చిక్కుడు గాదు, పెసలు" అంది.

ఆనాటినుంచి సారవ్వ ఒక పద్ధతి పెట్టుకుంది. బొమ్మ కావాలని మగవాళ్లు వస్తే, ఇంటామెను కూడా తీసుకురమ్మనేది. తీసుకురానంటే వెయ్యనని చెప్పేది. కొందరు నొచ్చుకున్నారు. కొందరు మళ్లీ రాలేదు.

ఆ ఏడు సెప్టెంబరులో ప్రత్యేక తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. గనులు ఆగిపోయాయి, వర్క్‌షాపు మూతపడింది. నెలకు పైగా సారవ్వ చేసిన పని బ్యానర్లు రాయడం. గుడ్డ మీద అక్షరం పాకిపోకుండా ఎలా రాయాలో కుర్రాళ్లకు చూపించింది. ఆ రోజుల్లోనే ఒక విలేకరి కొమురెల్లి ఇంట్లో బొమ్మ చూసి ఆమె గురించి జిల్లా పేజీలో రాశాడు. కాలేజీ సెలవులకు వచ్చిన దీప పైకి చదివింది.

"'యంత్రంలో ప్రకృతిని చూసిన అధివాస్తవిక చిత్రకారిణి' అని రాసిన్రమ్మా."

"గా మాటకు అర్థమేందే?"

"నిజంగ ఉండనిది వేస్తవని. కల లెక్క."

"కలేంది? ఆళ్లు చెప్పిందే వేసిన గద," అంది సారవ్వ. తర్వాత ఆ మాటను అక్షరాలు విడదీసి ఒకసారి చదువుకుంది. పొడుగు మాట, బోర్డు మీద పట్టించడం కష్టం అనుకుంది.

2014 జూన్‌లో రాష్ట్రం వచ్చాక ఆమెకు ఊపిరి సలపని పని పడింది. బోర్డుల మీద ఆంధ్రప్రదేశ్ అని ఉన్నచోటల్లా చెరిపి తెలంగాణ అని రాయాలి. వర్క్‌షాపువి, ఆఫీసువి, స్టోర్సువి అన్నీ కలిపి నలభై మూడు బోర్డులు. అచ్చు కోయిద్దామంటే అక్కర్లేదని చేత్తోనే రాసింది. కొమురెల్లి డ్యూటీ దిగాక వచ్చి నిచ్చెన పట్టుకునేవాడు. చూసేవాళ్లు చప్పట్లు కొట్టేవారు. నిచ్చెన కదుపుతారని ఆమె కసిరేది.

ఆ బోర్డులు ఇంకా పూర్తికాకముందే, ఒక ఆదివారం అనసూర్య వచ్చింది. లాంప్‌రూములో, అంటే కార్మికులు తలకు కట్టుకునే దీపాలు ఇచ్చే గదిలో, ఇరవై ఆరేళ్లు ఊడ్చిన మనిషి. ఆ నెలాఖరుకు రిటైర్మెంటు. ఆమెకు ఎవరూ పలక తేలేదు. తానే చంకన పెట్టుకుని వచ్చింది.

"నాకు మిషన్ లేదు సారవ్వా. చీపురే. బొమ్మ వస్తదా?"

సారవ్వ పీట జరిపి ఛాయ పెట్టింది.

"ఏ చీపురు? ఈతదా, కొబ్బరి పుల్లలదా?"

"ఈత చీపురే. బయిట దొరికేది ఆగదు. నేనే పుల్లలు తెచ్చి కట్టుకునేదాన్ని," అంది అనసూర్య. "మా అమ్మ నేర్పింది కట్టుడు."

"ఎక్కడికెల్లి తెచ్చెటోళ్లు? మొదటికెల్లి చెప్పు," అని సారవ్వ ఆమె ఎదురుగా కూర్చుంది.